అటక, మిద్దె, మేడ: ఇంటి పైగదికి సరైన పేరేది?

ఇంటి పైన ఉండే గదిని అటక అనవచ్చా, మేడ అనాలా అన్న ప్రశ్నకు, అవి రెండూ వేర్వేరు వస్తువుల పేర్లని చెప్పడమే సరైన సమాధానం. అటక మనుషులు కాపురముండే గది కాదు. కందుకూరు, కావలి ప్రాంతాల పాత పెంకుటిళ్లలో దూలాల మీద బల్లలు పరచి, నిచ్చెన వేసుకుని ఎక్కేటట్లు కట్టిన అరనే అటక అంటారు. ఇత్తడి గుండిగలు, ఖాళీ ఊరగాయ జాడీలు, ఏడాదికొకసారి అక్కరకు వచ్చే సామాను అందులో ఉంటాయి. కన్నడంలో దీన్ని అట్ట అంటారు. సంస్కృతంలో అట్టమంటే కోట బురుజు, మేడపై గది అన్న అర్థాలున్నాయి కనుక ఈ మాటలన్నీ ఒక కుదురువేనని నాకు తోస్తుంది.

మేడ అంటే అంతస్తు ఉన్న ఇల్లు, ఆ పై అంతస్తు కూడా. తమిళంలో మేడు అంటే ఎత్తైన చోటు, మేడై అంటే వేదిక. ఎత్తు అన్న భావమే ఈ మాటలకు మూలం.

నెల్లూరు వైపు మిద్దె అన్న మాట ఎక్కువగా వినిపిస్తుంది. చదునైన కప్పు గల ఇల్లూ మిద్దే, వడియాలు ఎండబెట్టుకునే ఆ కప్పూ మిద్దే; అందుకే అక్కడ కట్టిన గదిని “మిద్దె మీద గది” అని విడమరచి చెప్పడం మేలు.

కావ్యభాషలో అచ్చంగా పైగదికే చెల్లే మాట కావాలంటే చంద్రశాల ఉంది. శిరోగృహమన్నా అదే అర్థం. ఆలయ శిల్పంలో మాత్రం చంద్రశాల అంటే గుర్రపు లాడం ఆకారంలో చెక్కిన గవాక్షం.