ఫారం సగంలో వదిలేసి ఫోన్ చేస్తున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెబ్‌సైట్ డిజైన్ చూస్తుంటాను. అపాయింట్‌మెంట్ ఫారం తెరిచినవాళ్లలో చాలామంది సగంలో వదిలేసి రిసెప్షన్‌కి ఫోన్ చేస్తున్నారు. మేనేజర్ గారేమో 'సైట్ పాతబడింది, రంగులు మార్చు, పైన పెద్ద స్లైడర్ పెట్టు' అంటున్నారు. నిజంగా అంతా మార్చాలా?
- పేరు వద్దన్న పాఠకుడు, ఖమ్మం

జవాబు: స్లైడర్ జోలికి అస్సలు వెళ్లకండి. కడుపునొప్పితో ఉన్న మనిషి డాక్టరు ఎప్పుడుంటారో చూసుకుంటాడు గానీ, మీ ఆపరేషన్ థియేటర్ ఫొటోలు ఒకదాని వెనక ఒకటి జరుగుతుంటే చూస్తూ కూర్చోడు. పైగా ఫారం సగంలో వదిలేస్తున్నారని మీరే అంటున్నారు, అంటే హోమ్ పేజీ దాటి, డాక్టరును ఎంచుకుని, పేరు రాసేదాకా వచ్చారన్నమాట. అంతదూరం వచ్చినవాళ్లు రంగు నచ్చక వెనక్కి పోరు.

ముందు ఆ ఫారాన్ని ఐదుగురి చేత నింపించండి. ఆఫీసులో వాళ్ల చేత కాదు, ఓపీ దగ్గర కూర్చున్నవాళ్ల చేత, వాళ్ల ఫోన్‌లో, వాళ్ల డేటాతోనే (ఆసుపత్రి వైఫై మీద ఏ సైటైనా బాగానే పరిగెడుతుంది). పక్కన కూర్చుని నోరు మూసుకోవడమే మీ పని, అదే కష్టం కూడా. వేలు వేరే చోట పడుతుంటే 'అక్కడ కాదండీ, కింద' అని నోటిదాకా వస్తుంది, ఆపుకోండి. ఐదుగురు సరిపోతారా అని మేనేజర్ గారు అడిగితే, యూజబిలిటీ (సైటు వాడటానికి ఎంత తేలిక అన్నది) నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన లెక్క చెప్పండి: ఒక్కొక్కరి దగ్గర సుమారు 31 శాతం లోపాలు బయటపడితే ఐదుగురితో 85 శాతం దాకా తేలతాయి. ఈ శాతం అన్ని సైట్లకూ ఒకేలా ఉండదు, దాని మీద వాదనలూ ఉన్నాయి, కానీ ఎవరినీ చూడకుండా రంగులు మార్చడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

నన్ను పందెం కాయమంటే మాత్రం పేరు దగ్గరే ఆగుతున్నారంటాను. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు బాక్సులు పెట్టి ఉంటారు కదా. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ చాలామంది కార్డుల మీద ఒక్క ఇంగ్లీషు అక్షరమే. పెద్దాయన లాస్ట్ నేమ్‌లో 'కె' అని కొట్టగానే 'కనీసం మూడు అక్షరాలు ఉండాలి' అని ఎర్రగా వస్తుంది, ఇక ఆయన ఏం చేయాలి? తన పేరే తప్పంటే ఫోన్ చేయక ఏం చేస్తాడు! 'పూర్తి పేరు' అని ఒక్కటే బాక్స్ పెట్టి, ఎలా రాస్తే అలా తీసుకోండి. బ్రిటన్ ప్రభుత్వ సైట్ల డిజైన్ మార్గదర్శకాలు కూడా వీలైనంతవరకు పేరుకు ఒక్క బాక్సే పెట్టమంటాయి.

ఫోన్ నంబరు బాక్స్ తాకగానే అంకెల కీబోర్డు రావాలి, దానికి కోడ్‌లో ఆ బాక్స్ ఇన్‌పుట్ టైప్ 'టెల్' (tel) అని ఇస్తే చాలు. కాంటాక్ట్స్‌లోంచి కాపీ చేస్తే ముందు ప్లస్ 91, మధ్యలో ఖాళీ కూడా వచ్చేస్తాయి. వాటిని తీసేసుకోవాల్సింది మీ కోడ్, రోగి కాదు. 'ఇక్కడ వయసు రాయండి' లాంటివి బాక్స్ లోపల లేత బూడిద రంగులో పెట్టారేమో చూడండి. టైప్ చేయడం మొదలుపెట్టగానే అది మాయమవుతుంది, ఏ బాక్స్ దేనికో గుర్తుండదు. బాక్స్ పైన, ముదురు రంగులో రాయండి. మామూలు సైజు అక్షరాలకు, వెనక రంగుకు మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాలు చెబుతున్నాయి. ఇక ఒక్క తప్పు పడితే ఫారం మొత్తం ఖాళీ అయిపోతుంటే, మిగతావన్నీ పక్కన పెట్టి ఇవాళే అది సరిచేయండి.

ఇంకొకటి. ఫోన్ చేసేవాళ్లంతా ఫారం వల్లే చేయరు. 'డాక్టరు గారు నిజంగా వస్తారా, ఫీజెంత, స్కానింగ్ అక్కడే ఉందా' అని అడగడానికి చేసేవాళ్లూ ఉంటారు. ఎవరు ఎందుకు చేశారో ఒక వారం రాసిపెట్టమని రిసెప్షన్‌లో అమ్మాయిని అడగండి. ఆ కాగితం మీ మేనేజర్ గారి ముందు పెడితే స్లైడర్ మాట ఆయనే మర్చిపోతారు. ఫోన్ నంబరును మాత్రం దాచకండి.

ప్రశ్న: మా సైట్‌లో ఇంగ్లీషు పేజీ బాగానే ఉంది, తెలుగు పేజీలో బటన్ల మీద ఒత్తులు కింద తెగిపోతున్నాయి. ఫాంట్ మార్చాలా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఫాంట్ తర్వాత సంగతి. బటన్‌కి ఎత్తు ఫిక్స్ చేసేసి ఉంటారు, అది తీసేసి పైనా కిందా ప్యాడింగ్ (అక్షరాలకు, బటన్ అంచుకు మధ్య ఖాళీ) ఇవ్వండి. లైన్ హైట్ (అక్షరాల సైజుతో పోలిస్తే వరుస ఎత్తు) 1.2 మన ఒత్తులకు చాలదు, 1.6 దగ్గర మొదలుపెట్టి చూడండి. లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య అదనపు ఖాళీ) ఉంటే సున్నా చేయండి. పరీక్షకు 'సేవలు' లాంటి తేలిక మాటలు పెట్టకండి. 'స్త్రీ', 'రాష్ట్రం', 'లక్ష్మి' పెట్టి, పాత ఫోన్‌లో అక్షరాల సైజు పెంచి మరీ చూడండి.