ఇంట్లో చామంతికి రేడియేషన్ ఇచ్చి కొత్త రంగు తెప్పించవచ్చా?

కొల్చిసిన్ అనే రసాయనం పూసి గానీ, రేడియేషన్ ఇచ్చి గానీ మేడ మీది చామంతికి కొత్త రంగు తెప్పించవచ్చా అని అడిగారు. ఇంట్లో వద్దండి. కొల్చిసిన్ విషం. పైగా అది ముఖ్యంగా చేసేది క్రోమోజోములను రెట్టింపు చేయడం, రంగు మార్చడం కాదు. ఇక రేడియేషన్‌కు వాడే గామా కిరణాలకైతే కోబాల్ట్-60 లాంటి రేడియోధార్మిక పదార్థం ఉన్న యంత్రం కావాలి, అది అనుమతి ఉన్న సంస్థల్లోనే ఉంటుంది.

నేను ఎమ్మెస్సీ హార్టికల్చర్‌లో ఇదే పని చేశాను. గులాబి రంగు చామంతి కొమ్మ ముక్కలకు వేళ్లు పట్టాక 15, 20, 25 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత) చొప్పున గామా కిరణాలు ఇప్పించాం. 25లో సగానికి పైగా చచ్చిపోయాయి, మిగిలినవి గిడసబారిపోయాయి. 15లో ఏ మార్పూ కనపడలేదు. 20లో ఒకే ఒక్క మొక్కకు, పువ్వులో ఒక పక్కన నాలుగైదు రేకులు రాగి రంగులో వచ్చాయి. గులాబి చామంతి రేకుల్లో కెరోటినాయిడ్లనే పసుపు రంగు పదార్థాలను విరగ్గొట్టే జన్యువు ఒకటి పనిచేస్తుంటుంది. అది దెబ్బతింటే పసుపు మిగిలిపోయి, గులాబితో కలిసి రాగి రంగు అవుతుంది.

సంబరంలో తప్పు చేశాను. ఆ మొక్క మొదలు దగ్గర వచ్చిన పిలకలు తీసి నాటాను. మరుసటి ఏడాది అన్నీ పాత గులాబి రంగులోనే పూశాయి! మారింది పైన ఆ కొమ్మలో కొన్ని కణాలే. పిలకలు వచ్చింది మారని భాగం నుంచి.

రెండోసారి ఇంకో మొక్కకు సగం పువ్వు మారింది. ఈసారి పువ్వు తుంచేసి, మిగతా కొమ్మలన్నీ కోసేసి, మారిన వైపు ఆకుల పక్క మొగ్గలను మాత్రమే చిగుర్చనిచ్చాను. ఆ చిగుళ్లు పదకొండు నాటితే రెండు పూర్తిగా రాగి రంగులో పూశాయి. అవి నిలబడతాయో లేదో చూడటానికి ఇంకో రెండు పంటలు పట్టింది. లక్నోలోని నేషనల్ బొటానికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లయితే మారిన రేకుల నుంచే టిష్యూ కల్చర్‌లో (ల్యాబులో చిన్న ముక్క నుంచి మొక్కను పెంచే పద్ధతిలో) మొక్కలు తీశారు. మాకు ఆ సదుపాయం లేదు.

నీలం మీద ఆశ పెట్టుకోకండి. ఆ రంగుకు కావలసిన పదార్థం చామంతిలో తయారు కాదు. 2017లో జపాన్ వాళ్లు వేరే మొక్కల జన్యువులు చొప్పించి సాధించారు.

మీ కుండీల్లో కిరణాలేమీ లేకుండానే కొమ్మ రంగు మారవచ్చు, చామంతికి అది మామూలే. ఎండకు వెలిసిన పువ్వును చూసి మోసపోకుండా, విచ్చుకుంటున్నప్పుడే గమనించి ఆ కొమ్మకు దారం కట్టండి. పూలు వాడాక ఏ కొమ్మో గుర్తుపట్టలేరు.