కూర్చుని చేసే పనే కదా అంటారు!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. గర్భసంచి తీసేశాక ఆఫీసు పనికి ఎప్పుడు, ఎలా తిరిగి వెళ్లాలన్నదే ఆ విషయం. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: లాపరోస్కోపీలో, అంటే చిన్న గాట్లలోంచి కెమెరాతో చూస్తూ, గర్భసంచి తీసి మూడు వారాలైంది. ఇంట్లో బాగానే తిరుగుతున్నాను. "కూర్చుని చేసే పనే కదా, సోమవారం వచ్చేయండి" అంటున్నారు మా మేనేజరు. మా అక్కకు ఇదే ఆపరేషన్ పొట్ట కోసి చేస్తే రెండు నెలలు సెలవు పెట్టింది. నేను ఇప్పుడే వెళ్లొచ్చా?

జవాబు: మీ అక్కగారి లెక్క మీకు సరిపోదు, మేనేజరు లెక్క అసలే సరిపోదు. లాపరోస్కోపీలో గానీ యోని మార్గంలో గానీ చేస్తే టేబుల్ పనికి మామూలుగా 2 నుంచి 4 వారాలు పడుతుంది. పొట్ట కోసి చేస్తే 6 నుంచి 8 వారాలు. ఏ చిక్కూ లేకుండా కోలుకున్నవాళ్ల అంకెలివి. పొట్ట మీద చిన్న చిన్న గాట్లే కనబడుతున్నాయని లోపల గాయమూ అంతేననుకోవద్దు. ముఖద్వారంతో సహా గర్భసంచి తీసినప్పుడు యోని పై కొసను కుట్టేస్తారు. ఏ దారిన చేసినా ఆ కుట్టు ఉంటుంది. అది కంటికి కనబడదు, పెద్దగా నొప్పీ పెట్టదు కాబట్టి దాని సంగతే మరిచిపోతాం. బరువులెత్తొద్దు, ముక్కొద్దు అని డాక్టర్లు పదే పదే చెప్పేది దాన్ని కాపాడటానికే.

తారీఖు ఖాయం చేసేముందు ఇంట్లో ఒక రిహార్సల్ వేసి చూడండి. సోఫాలో ఒరిగి కాకుండా, బల్ల ముందు మామూలు కుర్చీలో కూర్చోవాలి. ఆఫీసు వేళకే లేచి తయారై, పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు కంప్యూటర్ ముందు పని చేయండి. వరసగా మూడు రోజులు ఇలా చేయాలి. మొదటి రోజు హుషారును నమ్మొద్దు, రెండో రోజు పొద్దున నిద్రలేచేసరికి అసలు సంగతి తెలుస్తుంది. ముందురోజు అలసట మిగిలి ఉన్నా, పొత్తికడుపు లాగుడు పెరిగినా, రక్తపు మరకలు ఎక్కువైనా ఇంకో వారం ఆగండి. అవేవీ లేకపోతే మీ డాక్టరుకు ఓసారి చూపించుకుని వెళ్లండి.

సోమవారం మాత్రం మొదలుపెట్టొద్దు. బుధ, గురువారాల్లో వెళ్తే అలసట పేరుకునేలోపే వారాంతం వచ్చేస్తుంది. మొదటి రెండు వారాలు సగం పూటే అడగండి, అదీ పొద్దుటి పూట. నీరసం కమ్మేది మధ్యాహ్నం దాటాకే.

ప్రశ్న: పొట్ట మీద అడ్డంగా కోసి చేశారు. ఏడో వారంలో ఆఫీసుకు వెళ్లాను. గంట కూర్చునేసరికి నడుము పట్టేస్తోంది, కుట్ల దగ్గర లాగుతోంది. సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: పొట్ట కండరాలు ఇంకా బలం పుంజుకోలేదు. అవి నిలబెట్టాల్సిన ఒంటిని నడుము ఒక్కటే మోస్తోంది. అది అలిసిపోగానే మీకు తెలియకుండానే ముందుకు కుంగిపోతారు, పొట్ట సరిగ్గా కుట్ల దగ్గరే మడత పడుతుంది. కుర్చీని మోకాళ్ల కంటే తుంటి కాస్త ఎత్తుగా ఉండేలా పెంచండి. పాదాలు నేలకు ఆనకపోతే కింద పీట వేసుకోండి. నడుము వంపులో చుట్టిన తువ్వాలు చాలు, ప్రత్యేకంగా ఏమీ కొనక్కర్లేదు. కీబోర్డును దగ్గరికి లాక్కోండి, చేతులు చాచి టైప్ చేస్తే మళ్లీ వంగుతారు.

లేచేటప్పుడు కుర్చీ అంచుకు జరిగి, పాదాలు వెనక్కి తెచ్చుకుని, కుర్చీ చేతుల మీద బరువు మోపి, ఊపిరి వదులుతూ లేవండి. ఊపిరి బిగబట్టి లేస్తే కడుపులో ఒత్తిడి పెరిగి లోపలి కుట్టు మీదకు దిగుతుంది. దగ్గో తుమ్మో వస్తే అరచేతులతోనో చిన్న దిండుతోనో కోత మీద అదిమి పట్టుకోండి.

అడ్డకోత ఉన్నవాళ్లకు బట్టలతో ఓ పేచీ ఉంది. ప్యాంటు నడుంపట్టీ, లంగా బొందు సరిగ్గా మచ్చ మీదే కూర్చుంటాయి. కోసినప్పుడు చర్మపు నరాలు తెగుతాయి కాబట్టి ఆ చుట్టూ నెలల తరబడి మొద్దుబారి ఉంటుంది, ఒరుసుకుంటున్నా తెలియదు. రోజూ రాత్రి అద్దంలో చూసుకోండి. బొడ్డుకు పైన నిలిచే వెడల్పాటి ఎలాస్టిక్ గానీ, నడుం దగ్గర పట్టే లేని వదులు బట్టలు గానీ వేసుకుంటే ఈ బాధ తప్పుతుంది.

రెండు పాదాలూ సమానంగా వాచి, రాత్రి పడుకోగానే తగ్గిపోతే అది చాలావరకు కదలకుండా కూర్చున్నందువల్లే. అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు నడవండి, కూర్చున్నప్పుడు మడమలు పైకీ కిందికీ ఆడించండి. ఒక కాలే వాచినా, పిక్క నొప్పిగా, వెచ్చగా అనిపించినా నడకతో సరిపెట్టుకోవద్దు. అది రక్తనాళంలో రక్తం గడ్డకట్టడం కావచ్చు, అదే రోజు చూపించుకోవాలి. దానికి ఆయాసమో ఛాతీ నొప్పో తోడైతే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

ప్రశ్న: ఆఫీసులో బరువులెత్తే పనేమీ లేదు. అయినా జాగ్రత్త పడాలా? కారు నడపొచ్చా?

జవాబు: మీ బ్యాగును ఓసారి తూకం వేయండి. ల్యాప్‌టాప్ రెండు కిలోలు, ఛార్జరు, లీటరు నీళ్లసీసా, టిఫిన్ డబ్బా, గొడుగు, అన్నీ కలిపితే నాలుగు కిలోలు ఇట్టే దాటుతుంది. మొదటి ఆరు వారాలు చాలామంది డాక్టర్లు పెట్టే హద్దు కూడా దాదాపు అంతే. ల్యాప్‌టాప్ ఆఫీసులోనే వదిలేయండి, సీసా ఖాళీగా తీసుకెళ్లి అక్కడ నింపుకోండి. బిగుసుకుపోయిన కింది సొరుగును వంగి లాగడం, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఎత్తి పెట్టడం, బరువైన గాజు తలుపును ఒంటిచేత్తో తోయడం కూడా బరువు పనులే. రోజూ వాడే ఫైళ్లు ముందే బల్ల మీదకు తెప్పించుకోండి.

ఆపి ఉన్న కారులో కూర్చుని బ్రేకును ఒక్కసారిగా గట్టిగా తొక్కి చూడండి. నొప్పి కలిగినా, కాలు తటపటాయించినా అప్పుడే వద్దు. మత్తు కలిగించే నొప్పి మాత్రలు వాడుతున్నన్నాళ్లు అసలే వద్దు. స్కూటరు అయితే కుదుపుల కంటే సెంటర్ స్టాండ్ వేయడమే ఎక్కువ కష్టం.

ప్రశ్న: ఆఫీసుకు వెళ్లిన మూడోరోజు నుంచి మళ్లీ మరకలు పడుతున్నాయి. కుట్లు ఊడాయేమోనని భయంగా ఉంది.

జవాబు: లోపలి కుట్లు కరిగే క్రమంలో ఆరు వారాల వరకు గోధుమరంగు, లేత గులాబీ స్రావం కొద్దికొద్దిగా రావడం మామూలే. పని ఎక్కువైన రోజున పెరిగి విశ్రాంతితో తగ్గితే పనిగంటలు తగ్గించండి. ప్యాడ్లే వాడండి, యోని లోపల పెట్టుకునే టాంపన్లు, కప్పులు వద్దు. డాక్టరు లోపల పరీక్ష చేసి సరేననేదాకా కలయిక కూడా వద్దు.

గంటకో ప్యాడు తడుస్తున్నా, దుర్వాసన వస్తున్నా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా ఆగొద్దు. ఉన్నట్టుండి నీళ్లలా స్రావం వచ్చి నొప్పి మొదలైనా, యోనిలోంచి ఏదో జారినట్టనిపించినా పడుకుని, వేరేవాళ్ల సాయంతో ఆసుపత్రికి వెళ్లండి. కుట్టు విడిపోవడం అరుదే, కానీ జరిగితే అది అత్యవసరం.

ప్రశ్న: నాకు 43. అండాశయాలు కూడా తీసేశారు. మీటింగులో కూర్చుంటే ఒక్కసారిగా ఒళ్లంతా చెమట పడుతోంది. రాత్రి నిద్ర లేదు. చిన్న చిన్న లెక్కలు కూడా తప్పుతున్నాయి.

జవాబు: ఈస్ట్రోజన్ మెల్లగా తగ్గాల్సింది ఒక్కసారిగా పడిపోయింది, అందుకే ఈ చెమటలు, వేడి ఆవిర్లు ఇంత తీవ్రంగా వస్తున్నాయి. మీ వయసులో సహజంగా నెలసరి ఆగే వయసు వరకు, అంటే సుమారు 50 దాకా, హార్మోన్లు వాడమని చాలావరకు సలహా ఇస్తారు. ఆవిర్ల కోసమే కాదు, ఎముకల కోసం కూడా. గర్భసంచి లేదు కాబట్టి సాధారణంగా ఈస్ట్రోజన్ ఒక్కటే సరిపోతుంది. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం) వంటివి గతంలో ఉంటే ముందే చెప్పండి, మందు ఎంపిక మారుతుంది.

లెక్కలు తప్పడానికి ఈస్ట్రోజన్ పడిపోవడంతో పాటు నిద్రలేమి, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, రక్తహీనత కూడా కారణం కావచ్చు. ఆపరేషన్‌కు ముందు అధిక రక్తస్రావం ఉండేదంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. అది తక్కువుండి ఐరన్ మొదలుపెడితే, మామూలుకు వచ్చాక కూడా మరో మూడు నెలలు వాడాలి, లేకపోతే ఒంట్లో నిల్వలు నిండవు. ఐరన్‌తో మలబద్ధకం వస్తే ముక్కుతూ కూర్చోకుండా విరేచనం మెత్తబడే మందు అడగండి. ఈలోగా లెక్కల పనులు పొద్దునే ముగించండి, మధ్యాహ్నం చేసినవి మరునాడు ఓసారి సరిచూసుకోండి.

ప్రశ్న: ఏ ఆపరేషనో ఆఫీసులో చెప్పాలా?

జవాబు: అవయవం పేరు లేకుండా "ఆపరేషన్ తర్వాత విశ్రాంతి అవసరం" అని సర్టిఫికెట్ రాయమని డాక్టరును అడగొచ్చు. డిశ్చార్జి సమ్మరీ, బయాప్సీ రిపోర్టు మీ దగ్గరే ఉంచుకోండి, ఇన్సూరెన్సుకు తప్ప వాటిని ఇవ్వాల్సిన పని సాధారణంగా ఉండదు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లో మాత్రం సగం పూట ఎన్నాళ్లు, ఎన్ని కిలోల వరకు ఎత్తొచ్చు, ఎంతసేపటికోసారి లేచి నడవాలి అన్నవి స్పష్టంగా రాయించుకోండి. నోటిమాటగా ఒప్పుకున్నవి రెండో వారానికే మరిచిపోతారు.