డాలస్ ఫ్లైట్‌లో లాప్‌టాప్ చార్జింగ్: పెద్ద పవర్‌బ్యాంక్ కొనే ముందు ఇది చదవండి

మీరు హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా డాలస్ వెళ్తున్నారు. దారిలో లాప్‌టాప్ మీద పని చేసుకోవాలి. సీటు దగ్గర చార్జింగ్ ఉంటుందా, లేక పెద్ద పవర్‌బ్యాంక్ కొనుక్కోవాలా అని అడిగారు. పవర్‌బ్యాంక్ కొనకండి. ఆ డబ్బుతో 65 వాట్ల చిన్న టైప్-సి చార్జర్ ఒకటి కొనుక్కోండి. ఇది నాకు అనుభవం మీద తెలిసిన విషయం.

నా మొదటి అమెరికా ప్రయాణం వేరే రూటులో జరిగింది. అప్పుడు నాది గేమింగ్ లాప్‌టాప్, దాని చార్జర్ 180 వాట్లది. సీటు కింద సాకెట్ కనిపించగానే ఇక ఫర్వాలేదనుకుని బ్యాటరీ మొత్తం వాడేశాను. తర్వాత ప్లగ్ పెడితే పచ్చ లైటు వెలిగింది, అర నిమిషంలో ఆరిపోయింది. తీసి పెట్టినా అంతే. ఎయిర్ హోస్టెస్‌కు చెబితే పాపం ఆవిడ మా వరుసకు పవర్ రీసెట్ చేయించారు. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. మూడోసారి పోయినప్పుడు పక్క సీటాయన ఫోన్ చార్జింగ్ కూడా ఆగిపోయిందని చూసి ఇక మానుకున్నాను. దిగిన మర్నాడే ఆఫీసులో చూపించాల్సిన స్లైడ్లు సగంలో ఉన్నాయి, ఇంకా పది గంటల ప్రయాణం ఉంది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

నిజానికి ఆ సాకెట్‌లో లోపమేమీ లేదు. విమానంలో ఒక్కో సాకెట్‌కు ఇంతే కరెంటు అని ఒక హద్దు ఉంటుంది. చాలా విమానాల్లో అది 75 నుంచి 150 వాట్ల మధ్య ఉంటుంది. ఇంజిన్ల దగ్గరి జనరేటర్ల నుంచి వచ్చే 115 వోల్టుల, 400 హెర్ట్జ్ కరెంటును సీట్ల కింద ఉండే ఒక పెట్టె 110 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు మార్చి మనకిస్తుంది. హద్దు దాటి లాగితే ఆ పెట్టె సాకెట్‌ను ఆపేస్తుంది. బ్యాటరీ ఖాళీగా ఉండి, పైగా దాని మీద పని కూడా చేస్తుంటే చార్జర్ తన శక్తి మేరకు మొత్తం లాగుతుంది. నాకు జరిగింది అదే.

అందుకే చిన్న చార్జర్ అంటున్నాను. టైప్-సి చార్జింగ్ తీసుకునే లాప్‌టాప్ అయితే 65 వాట్ల చార్జర్ ఆ హద్దులోనే ఉంటుంది. చార్జ్ నెమ్మదిగా ఎక్కుతుంది కానీ సాకెట్ ఆగిపోదు. అది మార్చాక నాకు మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. మీ లాప్‌టాప్ టైప్-సి తీసుకోకపోతే, దాన్ని షట్‌డౌన్ చేసి, భోజనం పెట్టేటప్పుడూ మీరు పడుకున్నప్పుడూ చార్జింగ్ పెట్టండి. అప్పుడు లోడు బాగా తగ్గుతుంది. సాకెట్ ఆగిపోతే ప్లగ్ తీసి రెండు నిమిషాలు ఆగి పెట్టండి, చాలాసార్లు తిరిగి వస్తుంది. సీటు స్క్రీన్ దగ్గరుండే మామూలు యూఎస్‌బీ పోర్టు ఫోన్‌కు సరిపోతుంది, లాప్‌టాప్‌కు చాలదు.

ఎక్కేటప్పుడు బ్యాటరీ నూటికి నూరు ఉండాలి. కొన్ని ఆఫీసు లాప్‌టాప్‌లలో చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా సెట్టింగ్ పెట్టి ఉంచుతారు. బయల్దేరే ముందు రోజే అది తీసేయండి, లేకపోతే గంటన్నర పని అక్కడే పోతుంది. దుబాయ్ ఎయిర్‌పోర్టులో మళ్లీ నింపుకోవచ్చు గానీ అక్కడ బ్రిటిష్ తరహా మూడు పలక పిన్నుల సాకెట్లు ఉంటాయి, మన ప్లగ్ పట్టదు. ఒక యూనివర్సల్ అడాప్టర్ హ్యాండ్ బ్యాగులో ఉంచుకుంటే అమెరికాలో కూడా పనికొస్తుంది. విమానంలో సాకెట్లు వాడీ వాడీ వదులైపోయి ఉంటాయి, బరువైన చార్జర్ నేరుగా గుచ్చితే వేలాడి జారిపోతుంది. వైరు ఉన్న చార్జర్ అయితే నయం. ఇంకోటి, ఎకానమీలో మూడు సీట్లకు రెండే సాకెట్లు ఉండటం మామూలు. కూర్చోగానే పక్కవాళ్లతో మాట్లాడుకోండి, నేను ఎప్పుడూ అలాగే చేస్తాను, ఎవరూ కాదనలేదు.

ఇక పవర్‌బ్యాంక్ సంగతి. మీరు ఎక్కేది ఎమిరేట్స్ అయితే 2025 అక్టోబర్ 1 నుంచి మనిషికి ఒక్కటే తీసుకెళ్లనిస్తున్నారు, అదీ 100 వాట్ అవర్ల (బ్యాటరీలో ఎంత కరెంటు నిల్వ ఉంటుందో చెప్పే కొలత) లోపుది. విమానంలో దానితో ఏదీ చార్జ్ చేయకూడదు, దాన్ని సీటు సాకెట్‌కు పెట్టి చార్జ్ చేయకూడదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ అంతకుముందే, ఏప్రిల్ నుంచే ఇలాంటి నిబంధన పెట్టింది. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో టేకాఫ్‌కు సిద్ధంగా ఉన్న విమానంలో పై అరలో మంటలు లేచి విమానం పైభాగం కాలిపోయింది. అందరూ బతికి బయటపడ్డారు. పవర్‌బ్యాంక్ వల్లే అయి ఉండొచ్చని దర్యాప్తులో తేలింది. కాబట్టి ఈ నిబంధనను ఎవరూ చూడట్లేదులే అని దాటేయకండి, దయచేసి.

దిగాక వాడుకోవడానికి ఒకటి కావాలంటే 20,000 ఎంఏహెచ్‌ది చాలు (పవర్‌బ్యాంక్ సామర్థ్యాన్ని మామూలుగా ఈ కొలతలోనే రాస్తారు). ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి, అంటే ఇది 74. 30,000ది అయితే 111, హద్దు దాటిపోతుంది. పవర్‌బ్యాంక్ మీద ఈ సామర్థ్యం అంకెలు చెరిగిపోకుండా కనిపించాలి. చెక్-ఇన్ లగేజీలో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. లగేజీ అరలో బ్యాటరీ అంటుకుంటే దగ్గరుండి ఆర్పే మనిషి ఉండరు. పై అరలో కూడా కాకుండా, ముందు సీటు జేబులోనో కాళ్ల దగ్గరి బ్యాగులోనో పెట్టుకోండి.

మీ అమ్మానాన్నలు కూడా వస్తున్నారన్నారు కదా, వాళ్లకు ముఖ్యంగా ఒకటి చెప్పండి. నిద్రలో ఫోన్ సీటు సందులోకి జారిపోతే సీటును ముందుకూ వెనక్కూ కదపకూడదు. ఫోన్ నలిగితే అందులోని బ్యాటరీ అంటుకునే ప్రమాదం ఉంది. బెల్ నొక్కి సిబ్బందిని పిలిస్తే వాళ్లే తీసిస్తారు. ఇంగ్లిష్ రాకపోయినా ఫోన్ పడిన చోటు చేత్తో చూపిస్తే చాలు.