క్రేన్ రాని సందులో రాతి స్తంభం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గుడి వెనక పడి ఉన్న పాత రాతి స్తంభాన్ని ముందు వాకిట్లో నిలబెడదామని మీ కుర్రాళ్లంతా అనుకున్నారట. క్రేన్ వాడు మాత్రం సందు చూసి తిరిగి వెళ్లిపోయాడట. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాసి పంపుతున్నాను. క్రేన్ పట్టే దారే ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు, డబ్బులు పోతే పోయాయి, క్రేనే పెట్టుకోమనేవాణ్ణి.

ముందు బరువు తేల్చుకో. గ్రానైట్ ఘనపుటడుగుకి 75 కిలోల పైనే తూగుతుంది. పది అడుగుల పొడవు, అడుగుంపావు చదరం అన్నావు. పదిహేనున్నర ఘనపుటడుగులు. అంటే 1,200 కిలోలు వేసుకో. "పదిమందిమి ఉన్నాం, భుజాన వేసుకుంటాం" అన్నావు చూడు, తలకి 120 కిలోలు పడుతుంది. పైగా ఒకడి కాలు మడతపడితే వాడి వాటా కూడా మిగతావాళ్ల మీదకే వస్తుంది. మోసే ఆలోచన మానేయండి. ఈ పని మొత్తంలో రాయి ఒక్కసారి కూడా గాల్లో ఉండకూడదు. ఎప్పుడూ దేనిమీదో ఒకదాని మీద ఆని ఉండాలి.

లేపడానికి గునపం చాలు. ఆరడుగులది తెచ్చుకో. రాయి అంచుకి అర అడుగు ఇవతల, గునపం కింద గట్టి రాతిముక్క ఆసరాగా పెట్టు. నేల మెత్తగా ఉంటే ఆ ముక్క కిందకి దిగబడుతుంది, కాబట్టి దాని కింద పలక వెయ్యి. ఇప్పుడు నీవైపు అయిదున్నర అడుగులు, రాయివైపు అర అడుగు. నువ్వేసిన బలం పదకొండు రెట్లవుతుంది. లేపేది ఒక చివరే కాబట్టి అక్కడున్న బరువు 600 కిలోలే. పదకొండుతో భాగిస్తే 55. ఒక్క మనిషి గునపం మీద వాలితే లేస్తుంది. కాకపోతే లేచేది రెండంగుళాలే. ఆ సందులోకి చెక్కముక్క దూర్చండి, అదీ చేత్తో కాదు, కర్రతో నెట్టి. తర్వాత రెండో చివర. మళ్లీ మొదటిది. ఇలా ఓపిగ్గా అటూ ఇటూ పేర్చుకుంటూ పోతే మధ్యాహ్నానికల్లా కింద పైపులు దూరేంత జాగా వస్తుంది. గునపం మొన చెక్కడపు అంచుకి నేరుగా తగిలితే పెచ్చు లేస్తుంది, మధ్యలో తడి గోనెపట్టా మడిచి పెట్టు.

పిరమిడ్లు గ్రహాంతరవాసులు కట్టారని వీడియోలు పంపుతుంటావుగా. ఈజిప్టు వాళ్లు తమ పని తామే గోడ మీద బొమ్మ వేసి పెట్టారు. డేర్ ఎల్ బర్షా అనేచోట జెహుతిహోతెప్ అనే పెద్ద అధికారి సమాధి ఉంది. సుమారు 3,900 ఏళ్ల నాటిది. దాని గోడ మీది బొమ్మలో, చక్రాల్లేని చెక్క జారుడుబండి మీద ఆయన విగ్రహాన్ని మోకులతో కట్టేశారు. 172 మంది నాలుగు వరసల్లో లాగుతున్నారు. ఆ విగ్రహం 58 టన్నుల దాకా ఉండొచ్చని అంచనా. బండి ముందు భాగంలో ఒకడు నిలబడి ఇసుక మీద నీళ్లు పోస్తుంటాడు. చాలాకాలం దాన్ని పూజా తంతు అనుకున్నారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ భౌతికశాస్త్రవేత్తలు పరీక్షించి చూస్తే, సరిగ్గా తడిపిన ఇసుక మీద లాగడానికి కావలసిన బలం దాదాపు సగానికి తగ్గింది. పొడి ఇసుక బండి ముందు కుప్పపడి అడ్డుతగులుతుంది, సరిపడా తడిస్తే అలా పడదు. నీళ్లు ఎక్కువైతే మళ్లీ మొదటికే వస్తుంది.

ఇది చదివి బిందెలు పట్టుకుని బయల్దేరకు. మీ సందు నల్లరేగడి. తడిపావంటే రాయీ మీరూ అందులోనే ఉంటారు. ఆ బొమ్మలో నువ్వు చూడాల్సినవాడు వేరే ఉన్నాడు. విగ్రహం ఒళ్లో నిలబడి చప్పట్లు కొడుతుంటాడు. మోకు ముట్టుకోడు, లయ చెప్పడమే వాడి పని. మీలో కూడా "హైలెస్సా" అనే గొంతు ఒక్కటే ఉండాలి. వాడు తాడు పట్టుకోకూడదు, అందరి కాళ్లూ చేతులూ చూస్తుండాలి. వాడు "ఆగు" అంటే సగం ఊపులో ఉన్నా ఆగిపోవాల్సిందే. నోరున్నవాణ్ణి కాదు, నిదానం ఉన్నవాణ్ణి పెట్టు.

సందులో రెండు వరసలుగా మందపాటి పలకలు పరిచి, వాటి మీద ఒకే లావు ఇనుప పైపులు అడ్డంగా వెయ్యి. లావు తేడా ఉంటే బరువంతా పెద్దవాటి మీదే పడుతుంది. రాయి ముందుకు పోయేకొద్దీ వెనక పైపులు బయటపడతాయి, వాటిని తెచ్చి ముందు వెయ్యడానికి ఇద్దరు కావాలి. మలుపు దగ్గర ముందు పైపును కాస్త ఐమూలగా పెడితే రాయి దానంతటదే తిరుగుతుంది.

నాకు టెన్షన్ అంతా రచ్చబండ దగ్గరి దిగుడు గురించే. లాగడం కంటే ఆపడం కష్టం. వెనక వేపచెట్టు మొదలుకి మోకు రెండు మూడు చుట్లు తిప్పి, కొస ఇద్దరు పట్టుకుని కొంచెం కొంచెం వదలండి. ఆ చుట్ల రాపిడే రాయిని పట్టి ఉంచుతుంది. ఈజిప్టులోనే హత్నుబ్ అనే గనిలో 2018లో ఒక ఏటవాలు దారి బయటపడింది, పెద్ద పిరమిడ్ కట్టించిన ఖుఫు రాజు కాలం నాటిది. రెండుపక్కలా మెట్లు, గుంజలు పాతిన గుంతలు ఉన్నాయి. నిటారు వాలులో బండల్ని పైకి లాగడానికి ఆ గుంజలకి మోకులు చుట్టి వాడుకున్నారని తవ్వినవాళ్ల అభిప్రాయం. నాకైతే నమ్మబుద్ధవుతుంది. దిగుడులో రాయి ముందు ఎవరూ ఉండకూడదు, బిగిసిన మోకు వరసలో కూడా నిలబడకూడదు. పిల్లల్ని ఆ పూట బడికి పంపేయండి.

పసిఫిక్ సముద్రంలోని ఈస్టర్ దీవి రాతి విగ్రహాల్లా నిలబెట్టి నడిపిద్దామా అన్నావు. 2012లో నాలుగు టన్నుల పైచిలుకు నమూనాని 18 మంది మూడు తాళ్లతో అటూ ఇటూ ఊపుతూ నడిపించిన మాట నిజమే. దాని అడుగుభాగం, ముందుకి వాలిన తీరు అందుకు తగ్గట్టు ఉంటాయి. నీ స్తంభం సన్నటిది, పడిపోతుంది.

నిలబెట్టడానికి గుంత మూడడుగుల లోతు తవ్వు. రాయి వచ్చేవైపు గోడని ఏటవాలుగా చెక్కి, ఎదురుగోడకి కర్రలు నిలువుగా ఆనించు, మట్టి విరిగిపడకుండా. ఇంగ్లండులో స్టోన్‌హెంజ్ అనే పాతకాలపు రాతి వలయం కట్టినవాళ్లు 20 టన్నుల పైబడ్డ రాళ్లకి ఇలాంటి గుంతలే తవ్వారు. అడుగుభాగం ముందుగా ఆ వాలులోకి జారనివ్వు. తర్వాత తల వైపు గునపాలతో లేపుతూ, కింద దుంగలు పేర్చుతూ నడుము ఎత్తుకి తీసుకురండి. అక్కణ్ణించి మోకు. నేల మీద నుంచి నేరుగా లాగితే రాయి లేవదు, ముందుకి ఈడ్చుకొస్తుంది. రెండు సరుగుడు బాదుల్ని కత్తెరలా కట్టి, మోకుని వాటి పై నుంచి తీసుకెళ్లు. వెనకవైపు కూడా ఇద్దరు తాడు బిగించి పట్టుకోవాలి, ఎందుకంటే నిటారు కాగానే రాయి అవతలికి పడబోతుంది.

తూకంగుండు వేసి చూసుకుని, గుంతలో రాళ్లూ మట్టీ పొరలు పొరలుగా వేసి దిమ్మిసతో కొట్టండి. నాలుగువైపులా కట్టిన తాళ్లు మట్టి గట్టిపడేదాకా విప్పొద్దు, ఎవరెంత తొందరపెట్టినా సరే. పైపులు మన షెడ్డులో ఉన్నాయి, ట్రాలీ ఆటో పంపు.

మీ మామయ్య