నయాగరా కంటే ముందు అమ్మాయి సెలవులు చూడండి

ప్రశ్న: మాది తిరుపతి. నాకు 61 ఏళ్లు, మా వారికి 66. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. మా ఒక్కగానొక్క అమ్మాయి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటోంది. అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగస్తులే. మనవడు ఒకటో తరగతి, మనవరాలికి పది నెలలు. మే మొదటి వారంలో వెళ్లి అక్టోబరు దాకా ఉండేలా టికెట్లు తీసుకున్నాం. మా వారు అప్పుడే ఒక నోటు పుస్తకంలో కార్యక్రమం అంతా రాసేశారు. దిగిన వారంలోనే నయాగరా, అటునుంచి అటే కెనడా వైపు, తర్వాత వాషింగ్టన్, జులైలో లాస్ వేగాస్, గ్రాండ్ కాన్యన్, ఆగస్టులో ఫ్లోరిడా. మూడేళ్ల కిందట మా వియ్యాలవారు వెళ్లినప్పుడు ఇవన్నీ చూపించారట. ఆ పేజీలు ఫోటో తీసి పంపితే అమ్మాయి ‘ముందు మీరు రండి నాన్నా, వచ్చాక చూద్దాం’ అంది. అంతే, ఆయనకు కోపం వచ్చింది. ‘మనం ఆయాలుగా పోతున్నాం, ఇంకేమీ లేదు’ అంటున్నారు. అమ్మాయి నాకు విడిగా ఫోన్ చేసి ఏడ్చింది. నాకు మోకాళ్ల నొప్పులు. దర్శనానికని వచ్చిపోయే చుట్టాలతోనే ఇక్కడ సగం జీవితం గడిచిపోయింది, ఇప్పుడు ఇదొకటి. ఎవరికి సర్దిచెప్పమంటారు?

జవాబు: ఎవరికీ సర్దిచెప్పకండమ్మా. ఆయన మాట అమ్మాయికి, అమ్మాయి మాట ఆయనకు మీరు చేరవేస్తున్నంత కాలం ఆ ఇద్దరికీ నేరుగా మాట్లాడుకోవలసిన అవసరమే రాదు. మధ్యలో నలిగేది మీరు. అమ్మాయి ఈసారి ఏడుస్తూ ఫోన్ చేస్తే విని ఓదార్చండి, ఆ తర్వాత ‘ఈ మాట నాన్నతోనే చెప్పు’ అనండి. ఆయన విసుక్కుంటే అదే మాట అటువైపు తిప్పి అనండి.

మీ ఉత్తరంలో నాకు బాగా పట్టిన మాట చివర ఉంది, దర్శనానికి వచ్చే చుట్టాల సంగతి. తిరుపతిలో కాపురమున్నవారికి ఈ విషయం ఎవరూ నేర్పనక్కర్లేదు. చుట్టం ఎలాంటివాడో గుమ్మంలోనే తెలిసిపోతుంది. మూడు వందల రూపాయల టికెట్టు ఆన్‌లైన్‌లో ముందే తీసుకుని, ‘రాత్రికి మీ ఇంట్లో పడుకుని తెల్లవారుజామునే కొండకు బస్సెక్కేస్తాం, ఇంత పెరుగన్నం ఉంటే చాలు’ అనేవారు ఒక రకం. రేణిగుంటలో రైలు దిగాక ఫోన్ చేసి, ‘దర్శనం సంగతి మీరే చూడాలి, ఎలాగూ వచ్చాం కాబట్టి కాణిపాకం, శ్రీకాళహస్తి కూడా చూపించెయ్యండి’ అనేవారు ఇంకో రకం. రెండో రకంవారు చెడ్డవారేమీ కాదు. వారికి అది ఎన్నాళ్లో ఎదురుచూసిన యాత్ర. మీకు మాత్రం అది మామూలు మంగళవారం. ఆయనకు బ్యాంకు ఉంది, పిల్లకు పరీక్ష ఉంది, గ్యాసు అయిపోవస్తోంది. శ్రీకాళహస్తి ఒక దిక్కు, కాణిపాకం ఇంకో దిక్కు అని వారికి తెలియదు, ఎవరూ చెప్పలేదు.

మీ వారి నోటు పుస్తకం అచ్చం ఆ రెండో రకం చుట్టం రాసినట్టుంది. నయాగరా ఎడిసన్‌కు వాయవ్యంగా ఉంటుంది, ఫ్లోరిడా దక్షిణాన దేశం చివర, లాస్ వేగాస్‌కు విమానంలోనే అయిదు గంటలకు పైన. ఈ పోలిక మీరే ఆయనతో అనండి, నవ్వుతూనే అనండి. ఆ చుట్టాల కోసం దర్శనం టికెట్లంటూ తిరిగింది ఆయనే కదా, ఇట్టే అర్థమవుతుంది.

ఇక ‘వచ్చాక చూద్దాం’ అన్న మాట. అమెరికాలో ప్రైవేటు ఉద్యోగికి ఏడాదికి ఇన్ని రోజులు జీతంతో సెలవు ఇచ్చి తీరాలనే కేంద్ర చట్టం లేదు. కంపెనీ ఎంత ఇస్తే అంత. చాలామందికి అది రెండు మూడు వారాలు. పాపకు జ్వరం వచ్చినా, బడికి అనుకోని సెలవు వచ్చినా, ఇండియాకు ఒకసారి వచ్చిపోవాలన్నా అందులోంచే తీయాలి. మీ వారు పంపిన పేజీలను అమ్మాయి సెలవుల పట్టికతో పక్కపక్కన పెట్టి చూసుకుని గుండె గుభేలుమని ఉంటుంది. వద్దనలేక, సరేననలేక ఆ మాట అంది. వియ్యాలవారు వెళ్లింది మూడేళ్ల కిందట. అప్పటికి పాప పుట్టలేదు, బాబుకు బడి లేదు. బ్యాంకులో అన్నేళ్లు పనిచేసిన మనిషి జమ మాత్రమే చూసి ఖర్చు వదిలేస్తే ఎలా?

అలాగని తప్పంతా ఆయనదే అనను. ‘వచ్చాక చూద్దాం’ అనేది ఎదురుచూస్తున్న మనిషికి చెప్పే జవాబు కాదు. ఒక్క ఊరు, ఒక్క తేదీ చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఆయన కోపం నయాగరా కోసమని కూడా నేననుకోవడం లేదు. ‘ఆయాలుగా’ అన్నారు చూడండి, అక్కడుంది అసలు బాధ. దాన్ని కొట్టిపారేయకండి, చాలా ఇళ్లలో నిజంగానే అలా జరుగుతోంది. ఎడిసన్ లాంటి శివారు ఊళ్లలో కారు నడపలేని పెద్దవారికి ఇల్లే లోకం. పొద్దున్నే అందరూ ఎవరి పనికి వారు వెళ్లిపోతారు, పాప నిద్రపోతుంది, వీధిలో పలకరించే మనిషి కనిపించడు. ఇక్కడ సాయంత్రం నలుగురితో నాలుగు మాటలు మాట్లాడి వచ్చే అలవాటున్న ఆయనకు అది రెండో వారంలోనే జైలులా తోస్తుంది.

కాబట్టి ఊళ్లు చూడటం కంటే ముందు పాప సంగతి తేల్చుకోండి. మీరు వెళ్లాక డేకేర్ మాన్పిస్తారా, కొనసాగిస్తారా? ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడి, వెళ్లాక మనసు కష్టపెట్టుకునే అమ్మమ్మలు ఎందరో. నా సలహా, పూర్తిగా మాన్పించవద్దు. వారానికి రెండు మూడు రోజులైనా పాప అక్కడికి వెళితే ఆ రోజులు మీవి. మానేస్తే మీరు తిరిగి వచ్చాక మళ్లీ చోటు దొరకడం కూడా కష్టమే. డబ్బు మిగులుతుందని అల్లుడు మాన్పించాలనుకుంటే అదీ న్యాయమే, కాకపోతే శనివారమో ఆదివారమో ఒకటి మీకు వదలాలని ముందే మాట తీసుకోండి.

ఇప్పుడు ఆయన పుస్తకం తిరగరాద్దాం.

మొదటి వారం ఖాళీగా వదలండి. వేసవిలో అక్కడి గడియారం మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది. చెన్నై దాకా కారు, ఆ తర్వాత రెండు విమానాలు, దిగాక రాత్రి రెండింటికి మెలకువ, మధ్యాహ్నం మూడింటికి మత్తు. ఆ స్థితిలో నయాగరాకు బయల్దేరితే జలపాతం పక్కనే కునికిపాట్లు పడతారు. ఎడిసన్ నుంచి నయాగరా సుమారు 650 కిలోమీటర్లు, అంటే తిరుపతి నుంచి హైదరాబాదు కంటే ఎక్కువ. పెద్దవారికే ఏడు గంటలు, చంటిపిల్లను సీటుకు కట్టి కూర్చోబెట్టి తీసుకెళితే మధ్యలో ఆగే తీరుకు ఇంకా ఎక్కువ. దీనికి మూడు రోజులు కావాలి. జూన్‌లో ఒక శుక్రవారం సెలవు పెడితే సరిపోతుంది. బడులు జూన్ మూడో వారం ప్రాంతంలో మూస్తారు, ఆ తర్వాత జనం పెరుగుతారు. జులై 4 వాళ్ల స్వాతంత్ర్య దినం, ఆ వారాంతం జోలికి మాత్రం పోవద్దు, హోటలు ధరలు ఆకాశంలో ఉంటాయి. ఆయన మనసు కుదుటపడాలంటే అన్నిటికంటే ముందు ఈ ఒక్క తేదీ ఖాయం కావాలి. అది అమ్మాయి చేయవలసిన పని.

కెనడా వైపు వెళ్లాలంటే విడిగా కెనడా వీసా ఉండాలి, అమెరికా వీసా చూపిస్తే రానివ్వరు. గుర్రపునాడా ఆకారంలో ఉండే పెద్ద జలపాతం ఎదురుగా నిండుగా కనిపించేది అటునుంచే, నిజమే. ఇటువైపు గోట్ ఐలాండ్ మీద నడిస్తే నీళ్లు దూకే అంచు పక్కనే నిలబడవచ్చు, పడవలో జలపాతం కిందికీ పోవచ్చు. నన్నడిగితే ఈసారికి అది చాలు. ఆయనకు అటునుంచే చూడాలని పట్టుదలగా ఉంటే వీసా దరఖాస్తు ఇప్పుడే మొదలుపెట్టాలి.

జులైలో లాస్ వేగాస్ వద్దే వద్దు. చాలా రోజులు నలభై డిగ్రీలు దాటే ఎడారి అది. మన రోహిణి కార్తెను తప్పించుకుని, దాన్నే వెతుక్కుంటూ విమానమెక్కడం ఎందుకు? ఆగస్టు ఫ్లోరిడా ఉక్కపోత, వాన, పైగా తుపానుల కాలం. ఈ రెండూ కొట్టేయండి. మరీ మనసు లాగితే లాస్ వేగాస్ ఒక్కటి సెప్టెంబరు చివరికి పెట్టుకోండి, అదీ అల్లుడికి సెలవు మిగిలితేనే.

ఎవరి సెలవూ అక్కర్లేకుండా మీ ఇద్దరే చూడగలిగినవి చాలా ఉన్నాయి, ఆయన పుస్తకంలో ఒక్కటీ లేదు. ఎడిసన్‌లో రైల్వే స్టేషన్ ఉంది. న్యూజెర్సీ ట్రాన్సిట్ రైలెక్కితే సుమారు గంటలో న్యూయార్క్ పెన్ స్టేషన్. 62 నిండినవారికి సగం టికెట్టే, అంటే ఆయనకు వర్తిస్తుంది, మీరు ఇంకో ఏడాది ఆగాలి! ఫోనులో టికెట్టు కొంటే రైలెక్కే ముందు దాన్ని యాక్టివేట్ చేయాలి, కొత్తవారు అక్కడే తడబడతారు. మొదటిసారి అమ్మాయి వెంట వచ్చి చూపిస్తే చాలు. మన్‌హట్టన్ దక్షిణపు కొస నుంచి స్టాటెన్ ఐలాండ్‌కు వెళ్లే పెద్ద పడవకు టికెట్టే లేదు. పాతిక నిమిషాల ప్రయాణం, లిబర్టీ విగ్రహం ఎదురుగానే పోతుంది, కూర్చోవడానికి బెంచీలుంటాయి. మీ మోకాళ్లకు ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. విగ్రహం దగ్గరికే వెళ్లాలంటే జెర్సీ సిటీ వైపు నుంచి కూడా పడవలున్నాయి, అదే టికెట్టు మీద ఎలిస్ ఐలాండ్ కూడా చూడవచ్చు. 1892 నుంచి 1954 దాకా కోటీ ఇరవై లక్షల మందికి పైగా వలస వచ్చినవారు దిగిన చోటు అది. కూతురు వలస వెళ్లిన తండ్రికి అక్కడ చూడవలసింది ఉంటుంది. లిబర్టీ విగ్రహం కిరీటం దాకా ఎక్కడం మాత్రం ఆయనకే వదిలేయండి, పీఠం పైనుంచి 162 ఇరుకు మెట్లు, అదీ చాలా ముందుగా బుక్ చేసుకుంటేనే.

వాషింగ్టన్ ఒక వారాంతం సరిపోతుంది. స్మిత్సోనియన్ మ్యూజియంలు ఉచితం, విమానాల మ్యూజియానికి మాత్రం సమయం రాసిన ఉచిత పాసు ముందే తీసుకోవాలి. మీలాంటి వారికి చక్రాల కుర్చీలు కూడా ఉచితంగానే ఇస్తారు, అడగడానికి సిగ్గుపడకండి. ప్రకృతి చరిత్ర మ్యూజియంలో హోప్ వజ్రం ఉంది. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెబుతారు. అంత దూరం పోయి మన ఊరి రాయిని అద్దం వెనక చూడటం కొంచెం మంటగానే ఉంటుంది, అయినా చూడండి. ఫిలడెల్ఫియా ఇంకా దగ్గర. అక్కడి కళా మ్యూజియంలో మదురై నుంచి వెళ్లిన ఒక గుడి స్తంభాల మండపమే ఉంది.

న్యూజెర్సీలోనే బ్రిడ్జ్‌వాటర్ అనే ఊళ్లో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. ‘పొద్దున లేస్తే కొండ కనిపించే మనకు అక్కడ గుడి ఎందుకు’ అని ఆయన అనవచ్చు. దేవుడి కోసం కాకపోయినా మనుషుల కోసం వెళ్లండి. వారాంతాల్లో మీలాగే పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు అక్కడ కలుస్తారు. ఇద్దరు స్నేహితులు దొరికారంటే ఆయన మిగతా నెలలు బతికిపోతారు.

ఇంకొక సంగతి. అంత పొడుగు ఉత్తరంలో మీరు ఏం చూడాలనుకుంటున్నారో ఒక్క ముక్క లేదు. ఆయనకేం కావాలో ఉంది, అమ్మాయికేం కష్టమో ఉంది, వియ్యాలవారు ఏం చూశారో ఉంది. మీ మోకాళ్లకు కూడా చోటు దొరికింది, మీ కోరికకు దొరకలేదు. ఇల్లు కదలకుండా పాపతో ఆడుకోవడమే మీకు ఇష్టమైతే అదైనా పైకి చెప్పండి. లేదా సముద్రమో, పూలతోటో, అక్టోబరులో ఆకులన్నీ ఎర్రబారే కొండలో, ఏదో ఒకటి. ఆ పుస్తకంలో మీ చేతిరాతతో రెండు పేర్లు రాయండి. అమ్మాయి, అల్లుడు కూడా చెరో పేరు చెప్పాలి. అప్పుడు అది ఇంటిల్లిపాది కార్యక్రమం అవుతుంది.

ఫోను మాత్రం ఆయనే చేయాలి. మన ఆదివారం ఉదయం వారికి శనివారం రాత్రి, పిల్లలు పడుకున్నాక. పేజీల ప్రస్తావన తేకుండా ‘మీ ఇద్దరికీ ఏ రోజులు కుదురుతాయమ్మా?’ అని అడిగి ఆగమనండి. మీరు పక్క గదిలో ఉండండి.

మిగిలింది డబ్బు. నయాగరా హోటలు, వాషింగ్టన్ హోటలు మేమే పెట్టుకుంటామని ఆయన అల్లుడితో బుకింగు చేయకముందే చెప్పాలి. అతను వద్దంటాడు. అప్పుడు వాదనకు దిగకుండా కనీసం ఒకటైనా ఒప్పించుకోమనండి. ప్రయాణ బీమా బయల్దేరకముందే తీసుకోండి, పాత జబ్బులకు చాలా పాలసీలు వర్తించవు కాబట్టి షరతులు చదివి మరీ తీసుకోండి. బీపీ, షుగరు మాత్రలు ఉంటే ఆరు నెలలకు సరిపడా, డాక్టరు చీటీతో సహా చేతి సంచిలో పెట్టుకోండి. షరతులు చదవడం, ఫారెక్స్ కార్డు తీసుకోవడం మీ వారికి వెన్నతో పెట్టిన విద్య. ఈ వారమే ఆ పనులు ఆయనకు అప్పజెప్పండి.