కేసు నడుస్తుండగానే బావగారిని క్షమించవచ్చా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మామగారు పోయాక మా బావగారు మావారి సంతకం ఫోర్జరీ చేసి ఉమ్మడి ఎకరం అమ్మేశారు. ఆ దిగులుతోనే మావారు పోయారు. కోర్టులో కేసు నడుస్తోంది. ఇప్పుడు బావగారు పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. మాకు రెండిళ్ళ అవతలే ఇల్లు. ఆయన భార్య, మా తోడికోడలు అక్క ఒక్కతే చేసుకోలేక ఏడుస్తోంది. పాస్టరుగారేమో "శత్రువును ప్రేమించమన్నాడు ప్రభువు, కేసు తీసేసుకో అమ్మా" అంటున్నారు. బావగారిని తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఆరు నెలలుగా చర్చిలో ప్రభువు బల్లలో పాలుపొందడం, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం మానేశాను. నేను క్రైస్తవురాలినేనా?

జవాబు: అమ్మా, బల్ల దగ్గరికి వెళ్ళడానికి ఇంత భయపడుతున్నారంటేనే ప్రభువు మాట మీ మనసులో ఎంత లోతుగా ఉందో తెలుస్తోంది. ఆ భయం చాలు, మీ ప్రశ్నకు జవాబుగా.

ప్రేమ అనగానే మనకు పిల్లలమీద ఉండే మమకారం గుర్తొస్తుంది. అది రమ్మంటే రాదు. మత్తయి సువార్త 5వ అధ్యాయంలో శత్రువుల్ని ప్రేమించమన్న వెంటనే ప్రభువు ఎండ గురించీ వాన గురించీ మాట్లాడాడు. నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా తండ్రి ఒకేలా వాన కురిపిస్తాడని. పొలం చేసిన ఇంటివారు, మీకు నేను విడమరచి చెప్పాలా? రోమా పత్రిక 12లో పౌలు కూడా శత్రువుకు ఆకలైతే అన్నం పెట్టమన్నాడు, దాహమైతే నీళ్ళివ్వమన్నాడు. ముందు కోపం పోగొట్టుకుని అప్పుడు పెట్టమనలేదు. ఒళ్ళు మండుతుండగానే చేయగలిగిన పనులివి. అక్కడే ఉన్న "తలమీద నిప్పులు" అన్న మాట పట్టుకుని, మంచి చేసి ఎదుటి మనిషిని సిగ్గుతో చంపవచ్చని కొందరు అనుకుంటారు. ఆ ఉద్దేశంతో మాత్రం వెళ్ళకండి.

ఇక కేసు. ఈ విషయంలో పాస్టరుగారి మాటతో నేను ఏకీభవించను. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన కొడుకులు పదేళ్ళ ఫిలిప్‌ను, ఆరేళ్ళ తిమోతిని బండిలో నిద్రపోతుండగా తగలబెట్టారు. భార్య గ్లాడిస్ ఆ చంపినవాళ్ళను క్షమించానంది. బారిపదాలో కుష్ఠురోగుల సేవ వదలకుండా 2004 దాకా అక్కడే ఉంది. అయినా కేసు నడిచింది, దోషులకు శిక్ష పడింది. తాను చేయాల్సింది ఆమె చేసింది, చట్టం చేయాల్సింది చట్టం చేసింది. మీ కేసులో ఉన్నది మీ పిల్లల వాటా. బావగారి పిల్లలు ముందుకొస్తే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోండి. అక్కడి అవార్డుకు, అంటే రాజీ తీర్పుకు, కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిమీద అప్పీలు ఉండదు. నోటిమాట నమ్మి మాత్రం కేసు వదిలేయకండి. సంతకం పెట్టేముందు మీ లాయరుకు చూపించండి.

అక్క ఏడుస్తోందని రాశారు. నాకు అది మరీ బాధనిపించింది. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుం కింద పుండ్లు పడతాయి. ఒంటికింద దుప్పటి వేసి చెరోవైపు పట్టుకుని తిప్పాలి. ఒక్క మనిషికి అది చాలా కష్టం. సేవంతా మీ నెత్తిన వేసుకోమనడం లేదు. సాయంత్రం ఒక్కసారి వెళ్ళండి, పావుగంట ఉండండి. పొలం ఊసెత్తవద్దు. ఆయన ముఖం చూడలేకపోతే చూడకండి, అక్క వైపే చూడండి. మొదటిరోజు దుప్పటి రెండో కొస పట్టుకుని వచ్చేయండి.